రిటర్నింగ్ అధికారి గారికి ఒక ఓటరు బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది హనుమకొండ నయీంనగర్. ఈసారి పోటీ నువ్వా నేనా అన్నట్టుంది. నిన్న పొద్దున పేపర్ మడతలో ఒక కరపత్రం వచ్చింది. నిండా ఒక అభ్యర్థి ఇంటి గొడవలే, కోడలి ఫొటోతో సహా. కింద ప్రెస్ పేరు లేదు, వేయించినవాళ్ల పేరూ లేదు. పిల్లల కంట పడకూడదని మా అమ్మ దాన్ని బియ్యం డబ్బా కింద దాచింది. నాకు చాలా బాధేసింది.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఆ రెండు పేర్లూ లేకుండా ఎన్నికల కరపత్రం అచ్చు వేయకూడదు. వేస్తే ఆరు నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ.

విమర్శే వద్దనడం లేదండీ. ప్రవర్తనా నియమావళి కూడా విధానాల మీద, గత పనితీరు మీద విమర్శను కాదనదు. వ్యక్తిగత జీవితం జోలికే పోవద్దంటుంది. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో మా కాలనీల్లోకి వరద వచ్చింది. నాలాల గురించి ఒకరినొకరు ఎంత గట్టిగానైనా నిలదీసుకోమనండి, నిలబడి వింటాం. ఎవరేం చేస్తారో చెప్పమనండి, ఇంకా శ్రద్ధగా వింటాం.

దయచేసి నగరంలోని ప్రెస్సుల వాళ్లందరినీ పిలిపించి ఈ నిబంధన మరోసారి చెప్పండి. ఆ కరపత్రం రేపు మీ ఆఫీసుకు తెచ్చిస్తాను.

ఇట్లు,
నయీంనగర్ ఓటరు