డిస్కు పట్టే గేమ్ మెషీనే కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం.

దసరా నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లో ఒకటే చర్చ, ఏ గేమ్ కొనాలి అని. గేమ్ అంటే ఫోన్లో ఆడేది కాదండీ, టీవీకి తగిలించి ఆడేది, కన్సోల్ అంటారు. పెద్దవాడు ఎనిమిదో తరగతి, చిన్నది ఐదు. వాళ్లిద్దరికీ సోనీ వాళ్ల పీఎస్ 5 (ప్లేస్టేషన్ 5) కావాలి, హైదరాబాద్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ తీసుకో అన్నా అంటాడు, మా నాయనకి అసలు ఏదీ ఇంట్లోకి రాకూడదు. నేను మూడు నెలలు ఇదే పనిగా చదివాను, ఒకసారి నెల్లూరు, ఒకసారి ఒంగోలు వెళ్లి షాపుల్లో చూశాను, కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి అడిగాను. చివరికి ఒక మాట తేల్చుకున్నాను. మా కావలి లాంటి ఊళ్లలో ఇదే టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు చాలామంది ఉంటారని ఈ ఉత్తరం రాస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ఆ మాట ఇదీ. ఏ కంపెనీదైనా కొనుక్కోండి గానీ డిస్కు పెట్టే స్లాట్ ఉన్నదే కొనండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే మా బావమరిదికి జరిగింది నా కళ్లారా చూశాను. 2023 దసరాకి అతను ఒక షాపులో పీఎస్ 5 కొన్నాడు. రెండు రకాలు పెట్టారు, ఒకదానికి ఇంకోదానికి పది వేలు తేడా. తేడా ఏందయ్యా అని అడిగితే అక్కడి కుర్రాడు "లోపలంతా ఒకటే సార్, ఇది డిజిటల్ అంతే" అన్నాడు. డిజిటల్ అంటే ఇంకా కొత్తదేమో అనుకుని, పది వేలు మిగిలాయని సంతోషపడి, తక్కువది తెచ్చుకున్నాడు. కుర్రాడు అబద్ధం చెప్పలేదు, లోపల చిప్ అంతా నిజంగానే ఒకటే. కానీ దానికి డిస్కు పట్టదనే మాట ఎవరూ చెప్పలేదు. సంక్రాంతికి నేనే పిలకాయలకి కానుకగా క్రికెట్ 24 అనే గేమ్ డిస్కు తీసుకెళ్లాను. ఆ మెషీన్ని అటు తిప్పి ఇటు తిప్పి అందరం వెతికాం, డిస్కు పెట్టే చోటే లేదు. షాపుకి వెళితే ఒకసారి వాడిన మెషీన్ వెనక్కి తీసుకోం అన్నారు. తర్వాత వచ్చిన సన్నరకం పీఎస్ 5కి డిస్కు డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు గానీ, అతను కొన్నది పాత మోడల్, దానికి ఆ వీలు కూడా లేదు. నా డిస్కు రెండేళ్లు వాళ్ల షోకేసులో బొమ్మల పక్కన కూర్చుంది.

డిస్కు లేకపోతే నెట్ నుంచి దించుకుంటే పోలా అంటారు. ఇక్కడే మనలాంటి ఊళ్ల సంగతి వేరు. ఇప్పటి పెద్ద గేములు కొన్ని వంద జీబీ దాకా ఉంటాయి, దాటేవీ ఉన్నాయి. మా బావమరిదిది కావలి పక్కన పల్లె, ఇంటికి కేబుల్ నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాన్ వేసుకుంటే వంద జీబీ గేమ్ దిగడానికి 67 రోజులు పడుతుంది, అదీ ఇంట్లో ఎవరూ ఆ ఫోన్లో ఇంకేమీ చూడకుండా ఉంటేనే. మా ఇంట్లో 30 ఎంబీపీఎస్ లైను ఉంది, ఏ ఆటంకం లేకుండా వస్తే ఏడున్నర గంటలు. మధ్యలో కరెంటు పోతుంది, ఎండాకాలం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పీఎస్ 5 డిస్కు ఒక్కోదాంట్లో వంద జీబీ దాకా పడుతుంది, అంటే ఆ భారమంతా డబ్బాలో ఇంటికొచ్చేసినట్టే. డిస్కు పెట్టినా గేమ్ మెషీన్లోకి కాపీ అవుతుంది, అప్‌డేట్లని కొంత మళ్లీ నెట్ నుంచి లాగుతుంది, అది కూడా చెప్పాలి. అయినా 67 రోజులతో పోలిక ఎక్కడ?

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. మెషీన్ రేటు అందరూ అడుగుతారు, గేమ్ రేటు ఎవరూ అడగరు. పీఎస్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి వచ్చింది. డిస్కుదానికి 49,990, డిస్కు లేనిదానికి 39,990 పెట్టారు, 2022 నవంబరులో రెండింటికీ ఐదు వేలు పెంచారు. ఎలక్ట్రానిక్ వస్తువు ఏడాది ఆగితే రేటు తగ్గుతుందని మనకి ఒక నమ్మకం, ఇందులో అది జరగలేదు, కాబట్టి తగ్గుతుందని ఆగేవాళ్లు ఆ లెక్క మానుకోవచ్చు. సోనీ సొంత కొత్త గేమ్ ఒక్కోటి 4,999 ఉంటోంది. నాలుగు గేములు కొంటే ఇరవై వేలు. డిస్కు అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు, పక్కింటికి ఇచ్చి వాళ్లది తెచ్చుకోవచ్చు, రేపు మెషీన్ పాడైనా డిస్కు మన చేతిలో ఉంటుంది. నెట్‌లో కొన్నది మన అకౌంట్లో ఉంటుంది, అంతే, ఇంకొకరికి అమ్మే దారి లేదు. పైగా దీనికి ముందు వచ్చిన పీఎస్ 4 మెషీన్ డిస్కులు దాదాపు అన్నీ పీఎస్ 5లో ఆడతాయి. పాత పీఎస్ 4 డిస్కులు మేము ఎనిమిది వందలకీ వెయ్యికీ తెచ్చుకుంటున్నాం. మా వీధిలో, మా ఆఫీసులో కలిపి నాలుగిళ్లలో ఈ మెషీన్ ఉంది, నాలుగిళ్ల డిస్కులూ తిరుగుతూనే ఉంటాయి. డిజిటల్ అని మిగిలిన ఆ పది వేలు రెండు గేముల్లో పోతాయి.

మా చిన్నప్పుడు ఇది ఎవరూ నేర్పకుండానే తెలుసు. టీవీకి పెట్టుకునే క్యాసెట్ గేమ్ మా బజార్లో ఇద్దరికే ఉండేది. ఒక్కో క్యాసెట్‌లో వందల గేములని అట్ట మీద రాసేవాళ్లు, చూస్తే పదో పదిహేనో తిరిగి తిరిగి వచ్చేవి. ఆదివారం వస్తే వాడి క్యాసెట్ నాకు, నా క్యాసెట్ వాడికి. ఆడకపోతే తీసి కింద ఊది మళ్లీ పెట్టేవాళ్లం. ఒక్క క్యాసెట్ కొన్నవాడికి అందరి క్యాసెట్లూ ఆడే హక్కు వచ్చేది. ఇప్పుడు కంపెనీలు మెల్లగా తీసేస్తున్నది సరిగ్గా ఆ మార్పిడినే, నాకు బాధగా ఉన్నదీ అదే.

ఇది నా ఊహ కాదు. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ ప్రకటించినప్పుడు మెషీన్ని రోజుకోసారైనా నెట్‌కి కలపాలని, డిస్కు చేతులు మారాలంటే కొన్ని షరతులుంటాయని చెప్పింది. ఆడేవాళ్లు ప్రపంచమంతటా మండిపడ్డారు. సోనీ అదే ఏడాది జూన్‌లో తన పీఎస్ 4కి అలాంటి అడ్డేమీ లేదని వేదిక మీదే ప్రకటించుకుంది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది. కొనేవాళ్లు గట్టిగా అడిగితే అంత పెద్ద కంపెనీ కూడా దిగొచ్చింది. కానీ ఆ తర్వాత అడగడం మనం మానేశాం. 2024 నవంబరులో వచ్చిన పీఎస్ 5 ప్రోకి కూడా డిస్కు డ్రైవ్ విడిగా కొనుక్కోవాల్సిందే. నింటెండో అనే జపాన్ గేమ్ కంపెనీ 2023 మార్చిలో తన పాత మెషీన్లు రెండింటికి ఆన్‌లైన్ దుకాణం మూసేసింది, ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జూలైలో మూతపడింది. ఇంతకుముందు కొన్నవి మళ్లీ దించుకోవచ్చన్నారు గానీ కొత్తగా కొనుక్కునే దారి పోయింది. డిస్కు ఉన్నవాడికి ఆ దిగులు లేదు, పాత డిస్కు ఎక్కడ దొరికినా తెచ్చి పెట్టుకుంటాడు.

ఎక్స్‌బాక్స్ గురించి న్యాయంగా చెప్పాలి, మా తమ్ముడు ఈ ఉత్తరం చదివితే పోట్లాటకొస్తాడు. సిరీస్ ఎస్ అనే చిన్నది 2020 నవంబరులో 34,990కి వచ్చింది, తెల్లగా పుస్తకమంత ఉంటుంది, కరెంటు కూడా పెద్దవాటిలో సగం కూడా తినదు. నెలకింత అని గేమ్ పాస్ కడితే వందల గేములు ఆడుకోవచ్చు. మంచి ఫైబర్ నెట్ ఉండి, ఏడాదికి పది పన్నెండు గేములు ఆడి పారేసే కుర్రాళ్లకి అది సరిపోతుంది, హైదరాబాద్‌లో మా వాడికి సరిపోయింది కూడా. కానీ దానికి డిస్కు స్లాట్ లేదు, విడిగా తగిలించే మార్గమూ లేదు. 512 జీబీ అని అట్ట మీద రాసినా మనం వాడుకోడానికి మిగిలేది 364, మూడు నాలుగు పెద్ద గేములకే నిండిపోతుంది, ఒకటి తీసేస్తే మళ్లీ దించుకోవాలి. గేమ్ పాస్ అంటే అద్దె. 2025 అక్టోబరులో అమెరికాలో అందులో పెద్ద ప్లాన్‌ని 20 డాలర్ల నుంచి ఒక్కసారే 30 డాలర్లు చేశారు. అద్దె పెంచితే కట్టాలి, లేదంటే ఖాళీ చేయాలి, ఇన్నాళ్లు కట్టినదానికి చేతిలో ఏమీ మిగలదు. ఎక్స్‌బాక్సే కావాలంటే సిరీస్ ఎక్స్‌లో డిస్కు పెట్టేది చూసి తీసుకోండి, అందులో పాత ఎక్స్‌బాక్స్ డిస్కులు కూడా చాలావరకు ఆడతాయి.

నింటెండో స్విచ్ చిన్నపిల్లలకి చాలా బాగుంటుంది, చేతిలో పట్టుకునే ఆడొచ్చు, కరెంటు పోయినా ఆగదు. అయితే ఆ కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మదు. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చేవాళ్లు తెస్తే సరే, పాడైతే వారంటీ అని ఎక్కడికి పోతారు? 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో కొన్ని గేములకి కార్డు ఇస్తారు గానీ లోపల గేమ్ ఉండదట, అది తాళంచెవి మాత్రమే, గేమ్ నెట్ నుంచే దించుకోవాలి. కార్డు కదా అని కొనేముందు అట్ట మీద చదవండి.

ఇంకో మాట, టీవీ. షాపులో పెద్ద 4కే టీవీ మీద చూపిస్తారు, ఇంటికొచ్చి మన 32 అంగుళాల పాత టీవీకి పెడితే అంత అందం ఉండదు. దానికోసం వెంటనే కొత్త టీవీకి ఈఎంఐ పెట్టకండి, పాతదానికి హెచ్‌డీఎంఐ వైరు పెట్టే చోటు ఉంటే గేమ్ హాయిగా ఆడుతుంది. ఆ డబ్బుతో రెండో కంట్రోలర్, అంటే చేత్తో పట్టుకుని ఆడే రిమోట్ లాంటిది, కొనండి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒక్క కంట్రోలర్ తెస్తే రోజూ యుద్ధమే, మా ఇంట్లో మొదటి వారం అదే జరిగింది.

మా నాయన భయం మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేదు. ఆయనకి గేమ్ అంటే రమ్మీ, బెట్టింగ్, అప్పులు. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేముల మీద చట్టం చేసింది. నేను ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను, నాయనా ఇందులో పందెం లేదు, కొన్న డిస్కు పెడతాం, ఆడతాం, తీస్తాం. ఇక్కడ కూడా డిస్కే నాకు సాయం చేసింది, కంటికి కనిపించే వస్తువు కదా, ఆయన చేతిలో పెట్టి చూపించాను. అకౌంట్‌కి నా కార్డు నంబరు కలపలేదు, కాబట్టి పిల్లలు పొరపాటున కూడా లోపల ఏమీ కొనలేరు. డబ్బా మూలన 3, 7, 12, 16, 18 అని వయసు అంకె ఉంటుంది, 12 దాటింది మా ఇంట్లోకి రాదు. రోజుకి ఎంతసేపు అన్నది మెషీన్లోనే పెట్టేయొచ్చు, మేము గంట పెట్టాం, ఆదివారం రెండు. ఫోన్ పట్టుకుని దుప్పట్లో దూరి ఏం ఆడుతున్నారో తెలియని దానికన్నా హాల్లో అందరి ముందూ ఆడటం నాకు నిజంగా నయమనిపించింది. ఇప్పుడు మా నాయనే సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ బంతి వదిలేయాల్సింది రా అని మనవడికి చెబుతున్నాడు. ఆడుతున్నది ఆ క్రికెట్ 24 డిస్కే, మా బావమరిది షోకేసులోంచి తీసి ఇచ్చాడు.

మేము కొన్నది డిస్కు పెట్టే పీఎస్ 5. చీటీ పాడిన డబ్బుతో కొన్నాం, అంత పెట్టలేనివాళ్లు వాడిన పీఎస్ 4 చూసుకోండి, డిస్కు పెట్టి ఒక గంట ఆడించి చూసి కొనండి, రేపు పీఎస్ 5 కొన్నా ఆ డిస్కులు పనికొస్తాయి.

ఎడిటర్ గారూ, మీ పేపర్లో ఫోన్ల గురించి వారం వారం రాస్తున్నారు. పండగల ముందు ఒక్కసారి వీటి గురించి కూడా తెలుగులో రాయించండి, మెషీన్ రేటు పక్కనే గేమ్ రేటు, ఎన్ని జీబీ, డిస్కు పడుతుందా లేదా అనేది వేయండి. అలాగే నెల్లూరు, ఒంగోలు షాపుల వాళ్లకి మీ ద్వారా నా విన్నపం, డిస్కు లేని మెషీన్ డబ్బా మీద "ఇందులో డిస్కు పట్టదు" అని తెలుగులో ఒక చీటీ అంటించండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా