గ్రిస్సీనీ తీసెయ్యమని అడుగు

రాజమహేంద్రవరం,
ఏప్రిల్ 6

చిన్నీ,

ఈ నెలాఖరున నువ్వూ నీ స్నేహితురాళ్లిద్దరూ మూడు రోజులు ఇటలీలోని టురిన్ వెళ్తున్నారని చెప్పావు. అప్పటి నుంచి నా మనసు ఆ ఊళ్లోనే తిరుగుతోంది. మీ అన్నయ్య అక్కడ చదువుకునేటప్పుడు నేను రెండు నెలలు ఉన్నాను కదా. వాన పడినా తడవకుండా వసారాల కింద నడుచుకుంటూ ఎంత దూరం పోవచ్చో నాకింకా గుర్తుంది. ఫోన్లో మాట్లాడితే సగం మరిచిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు భోజనాల బల్ల దగ్గర మొదలుపెడతాను. ఆ ఊళ్లో ఏ హోటల్‌కు వెళ్లినా, నువ్వు ఏమీ అడగక ముందే బల్ల మీదకు గ్రిస్సీనీ వచ్చేస్తాయి. చేతి వేళ్లకన్నా సన్నగా, పొడుగ్గా, కరకరలాడే రొట్టె పుల్లలు. అన్నీ గోధుమపిండివే. విరిస్తే పొడి రాలి పళ్లేల మీద, గుడ్డ మీద పడుతుంది. ఇవి టురిన్‌లోనే పుట్టాయట. 1670ల్లో సవోయ్ రాజవంశపు పిల్లవాడు విత్తోరియో అమెదేయోకు మామూలు రొట్టె అరగక నీరసించిపోతుంటే, వైద్యుడు చెప్పిన మీదట ఆస్థానంలో రొట్టెలు కాల్చే ఆయన ఇలా సన్నగా చేసి పెట్టాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడు నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. ఆ పిల్లవాడి తల్లి కూడా ఎన్ని రకాలు వండి, ఎన్ని రకాలు మార్చి చూసిందో అనుకున్నాను.

నువ్వు కూర్చోగానే చేయవలసిన మొదటి పని, ఆ గ్రిస్సీనీ తీసెయ్యమని అడగడం. మీ ముగ్గురిలో మిగతా ఇద్దరికీ అవి ఇష్టమైతే వాళ్లు బయట కొనుక్కుని తినవచ్చు. నీకు సీలియాక్ కదా, గోధుమ, బార్లీ, రైలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు తింటే నీ పేగులు దెబ్బతింటాయి. అందుకే నీ పళ్లెం పక్కన మాత్రం ఉండకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అక్కడ నేను చూసిన ఒక సంగతి ఉంది. ఒక మధ్యాహ్నం అన్నయ్యా నేనూ భోజనానికి వెళ్లాం. పక్క బల్ల దగ్గర తల్లిదండ్రులతో పదేళ్ల అబ్బాయి ఒకడు కూర్చున్నాడు. వడ్డించే ఆయన రాగానే, తల్లి నోరు తెరవక ముందే, ఆ పిల్లవాడే "సోనో చెలీయకో" అన్నాడు. నాకు సీలియాక్ ఉంది అని. గొంతు తగ్గించలేదు, తల దించలేదు. దాహం వేస్తోంది, మంచినీళ్లు ఇవ్వండి అన్నట్టుగా అన్నాడు. ఆ పెద్దాయన తలూపి గ్రిస్సీనీ తీసేశాడు, బల్ల తుడిచాడు, మూసి ఉన్న వేరే పొట్లం తెచ్చి పెట్టాడు. చుట్టూ ఎవరూ తిరిగి చూడలేదు. నేను మాత్రం చాలాసేపు అటే చూస్తూ ఉండిపోయాను.

నీకు పద్దెనిమిదేళ్లప్పుడు మన బంధువుల పెళ్లిలో జరిగింది గుర్తుందా? అప్పటికి నీ జబ్బు పేరు తెలిసి మూడు నెలలైంది. పంక్తిలో పూరీ వద్దన్నావు. "ఒక్కటి తింటే ఏమవుతుంది?" అని ఒకరు, "ఈ వయసులోనే ఇన్ని పథ్యాలా?" అని ఇంకొకరు అన్నారు. నువ్వు నా వైపు చూశావు. నేను, పెళ్లివారు బాధపడతారు, కొంచెం తిను అన్నాను. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని నువ్వు పడిన బాధ నాకు తెలుసు. పెట్టింది తినాలి, ఇంటివాళ్లను నొప్పించకూడదు అని నీకు చిన్నప్పటి నుంచీ నేర్పింది నేనే. ఆ మాట ఈ ఒక్క విషయంలో వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరు బాధపడినా సరే, నువ్వు అడుగు.

ఇటలీలో ఇలా అడగడం ఎందుకంత తేలికో అన్నయ్య తర్వాత చెప్పాడు. అక్కడి సీలియాక్ సంఘాన్ని 1979లో ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులే మొదలుపెట్టారట. అప్పట్లో దీన్ని చిన్నపిల్లలకు మాత్రమే వచ్చే జబ్బు అనుకునేవారు. వాళ్లు పట్టుబట్టి పనిచేశారు. 2005లో 123వ నంబరు చట్టం వచ్చింది. బడిలో, ఆసుపత్రిలో, ప్రభుత్వ భోజనశాలల్లో అడిగినవాళ్లకు గ్లూటెన్ లేని భోజనం పెట్టి తీరాలని అందులో ఉంది. 2023లో పిల్లలందరికీ ఈ జబ్బు ఉందేమో ముందుగానే పరీక్షించాలని ఇంకో చట్టం చేశారు. మనకేమో రెండేళ్లు గ్యాస్ మాత్రలు వాడాక గానీ ఒక వైద్యురాలికి రక్తపరీక్ష చేయించాలని తోచలేదు. ఆ తల్లిదండ్రులను తలుచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

హోటళ్లలో వంటవాళ్లకు ఆ సంఘమే శిక్షణ ఇస్తుంది. అలా శిక్షణ పొందిన చోట్ల తలుపు మీద వాళ్ల గుర్తు ఉంటుంది. వెళ్లేలోపే రెండు మూడు చోట్ల పేర్లు చూసి పెట్టుకో, ఫోన్ చేసి బల్ల చెప్పి పెట్టుకో. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకదు, మధ్యాహ్నం రెండున్నర దాటితే పొయ్యి ఆర్పేస్తారు. ఆకలి మీద ఉన్నప్పుడు వెతుక్కుంటే, ఎదురుగా కనిపించిన దానికి సరేననేస్తాం.

కొన్ని మాటలు నేర్చుకుని వెళ్లు. నువ్వు ఆడపిల్లవు కాబట్టి "సోనో చెలీయక" అనాలి. "సెంత్సా గ్లూతినె" అంటే గ్లూటెన్ లేకుండా. "సోనో వెజెతారియానా" అన్నావంటే మాంసం వద్దని అర్థమవుతుంది గానీ, చేపను కొందరు మాంసంలో లెక్కవేయరు. అందుకని "నియెంతె పేషె" అని కూడా కలుపు. పొట్లాల మీద ఫ్రుమెంతో, ఫార్రో, సెమోలా, ఓర్ద్జో, సేగలె అన్న మాటలు కనిపిస్తే ముట్టుకోకు. మొదటి మూడూ గోధుమ జాతివే, సెమోలా అంటే రవ్వ. నాలుగోది బార్లీ, చివరిది రై. యూరప్‌లో ఇలాంటి పదార్థాల పేర్లను మిగతా వాటికన్నా కొట్టొచ్చినట్టు కనబడేలా అచ్చు వేయాలని నియమం ఉంది. మన దగ్గర ఇంగువ డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి అని ఉండటం నేను ఎంత ఆలస్యంగా చూశానో నీకు తెలుసు. అప్పటికే ఆ ఇంగువ వేసిన మాగాయ రెండు జాడీలు నీ హాస్టల్‌కు పంపించాను. గోధుమ కలిసిందేమో చూసుకోమని పథ్యం చెప్పింది నేనే, పంపింది నేనే. ఇప్పుడు బియ్యపుపిండి కలిపిన ఇంగువ దొరుకుతోంది, అదే వాడుతున్నాను.

ఇక తిండి. ఫారినాతా తప్పకుండా తిను, కానీ అడిగి తిను. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి కొన్ని గంటలు నాననిచ్చి, పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పైన ఎర్రగా, లోపల మెత్తగా, మిరియాల పొడి చల్లుకుని తింటే మన శనగపిండి అట్టుకు పెద్దక్కలా ఉంటుంది. నేను మొదటి ముక్క తిన్నప్పుడు ఎంత సంతోషించానో! నీకు దేవుడు పంపిన వంట అనుకున్నాను. తర్వాత పొయ్యి వైపు చూశాను. టురిన్‌లో దాన్ని ఎక్కువగా పిజ్జా చోట్లే అమ్ముతారు. అదే పొయ్యి, అదే గరిటె, గాలి నిండా మైదా. శనగపిండి కదా అని నమ్మకు. వేరే పొయ్యి ఉందా అని అడుగు. "కొంతామినాత్సియోనె", అంటే ఒకదానిది ఇంకోదానికి అంటుకోవడం, అన్న ఒక్క మాట చాలు, నీ భయం ఏమిటో వాళ్లకు అర్థమవుతుంది. పాస్తా ఉడికించే నీళ్లు, వేపుడు నూనె, అన్నింటికీ ఇదే ప్రశ్న.

రిసోత్తో బియ్యంతో చేసేదే అయినా, దాన్ని ఉడికించే చారు చాలాచోట్ల మాంసం ఎముకలది. "బ్రోదో వెజెతాలె", అంటే కూరగాయల చారు, వాడారా అని అడుగు. టురిన్ దారిలో ఉండే వెర్చెల్లీ ఊరివాళ్ల పానీస్సా అన్న వంట చూడటానికి బొబ్బర్లు కలిపిన అన్నంలా ఉంటుంది, అందులో పంది మాంసం, కొవ్వు వేస్తారు. పొలెంతా మొక్కజొన్న పిండి సంకటి, అది నీకు బాగా సరిపడుతుంది. న్యోక్కీ ఆలుగడ్డవని చెబుతారు, అందులో గోధుమపిండి కలుస్తుంది. బాన్యా కావుదా అనే వేడి వేడి పులుసులో ముంచుకోవడానికి కూరగాయలే ఇస్తారు గానీ, పులుసు చిన్న చేపలతో చేసింది. పాన్నా కోత్తా ఆ ప్రాంతపు మీగడ తీపి. దాన్ని గట్టిపరచడానికి జెలటిన్ వేస్తారు, అంటే జంతువుల నుంచి తీసింది. ఐస్‌క్రీమ్ కోన్‌లో వద్దు, కప్పులో ఇమ్మను, గరిటె కడిగి తీయమను.

జున్ను సంగతి నీ ఇష్టానికే వదిలేస్తున్నాను. పార్మిజానో, ఫొంతీనా రెండూ దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారు. నేను తెలిసిన రోజు నుంచి మానేశాను. నువ్వు మూడు రోజులు ఆ ఊళ్లో ఉండి ఇంకా ఎన్ని వద్దనుకోవాలో నువ్వే చూసుకో. నీ ఒంటికి హాని చేసేది గ్లూటెన్. జున్ను నమ్మకానికి సంబంధించింది. ఈ రెండింటినీ నేను ఒకే తక్కెడలో వేయను.

అన్నింటికన్నా కష్టం పొద్దుటి పూట. అక్కడివాళ్లు కాఫీతో పాటు వెన్నపూసిన తీపి రొట్టె తిని బయటపడతారు. అందుకే సంచీలో అటుకులు, పుట్నాల పొడి, నీ బియ్యపు బిస్కెట్లు పెట్టుకో. శనివారం పోర్తా పలాత్సో సంతకు వెళ్లు, ఆ రోజు సాయంత్రం దాకా ఉంటుంది, ఆదివారం ఉండదు. పళ్లు, పచ్చి కూరగాయలు రాశులు పోసి ఉంటాయి. ఆకుపచ్చ సిలువ గుర్తున్న మందుల దుకాణాల్లో కూడా గ్లూటెన్ లేని రొట్టె అమ్ముతారు. కాఫీ తాగే ముందు ఒక మాట. బార్లీ కాఫీ కూడా కొన్నిచోట్ల అదే యంత్రంలో తీస్తారు, కనుక్కో.

చూడవలసినవి నీకు చెప్పనవసరం లేదు. ఈజిప్టు మ్యూజియం ఒక్కటి మాత్రం వదలకు. 1824లో పెట్టింది. అందులో ఖా, మెరిత్ అనే భార్యాభర్తల సమాధిలో దొరికిన వస్తువులు దాదాపు అన్నీ ఒకే చోట ఉంటాయి. దాదాపు 3,400 ఏళ్ల కిందటి రొట్టెలు, రకరకాల ఆకారాల్లో, ఇంకా విరగకుండా ఉన్నాయి. పై లోకంలో ఆకలి వేస్తుందేమోనని పక్కన పెట్టి పంపారు. నేను ఆ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఏదో ఒకటి మూటగట్టి ఇవ్వాలన్న ఆరాటం అప్పటి నుంచీ ఉంది.

మిలాన్‌లో దిగి టురిన్‌కు వెళ్లేటప్పుడు వేగంగా పోయే రైలు ఎక్కకండి. ఆగి ఆగి పోయే రైలుకు రెండు గంటలు పడుతుంది, ఫర్వాలేదు. నొవారా దాటాక కిటికీ పక్కన కూర్చో. ఏప్రిల్ చివర్లో పొలాలకు నీళ్లు పెడతారు. కనుచూపు మేరా వరిమళ్లు, గట్లు, నీళ్లలో ఆకాశం, దూరంగా మంచు కొండలు. కోనసీమ మీదుగా పోతున్నట్టే ఉంటుంది. అక్కడి కావూర్ కాలువ 1866లో పారింది. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసిన మీ నాన్నగారు అది విని, మనది పద్నాలుగేళ్లు పెద్దదన్నమాట అని ఎంత మురిసిపోయారో. గోధుమ రొట్టెల దేశమని భయపడుతూ వెళ్లిన నాకు ఆ వరిమళ్లు చూశాక గుండె కుదుటపడింది. అక్కడ నీకు అన్నం దొరుకుతుంది.

వెర్చెల్లీ దగ్గర నీళ్లు పెట్టారో లేదో ఒక ఫోటో తీసి పంపు. నాన్నగారు రోజూ అడుగుతున్నారు.

ఆశీస్సులతో,
అమ్మ