‘చె’ తెగిన చోటు వెతికి పెట్టినాయనకు

తెల్లవారుజాము నాలుగైంది. నేనింకా పడుకోలేదు. పడుకుని లేస్తే ఈ మాటలు చల్లారిపోతాయని ఇప్పుడే రాస్తున్నాను.

శ్రీకాకుళం నుంచి పొందూరు ఖద్దరు అమ్మే, వర్డ్‌ప్రెస్‌తో కట్టుకున్న మా చిన్న ఆన్‌లైన్ దుకాణంలో సంక్రాంతి ముందు నుంచి ఆర్డర్లు మాయమవుతున్నాయి. డబ్బు జమ అవుతుంది, రసీదు ఖాళీగా వస్తుంది. అదీ కొందరికే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి, నేసిన పంచె అది. దానికి డబ్బు తీసుకుని ఎవరికి పంపాలో తెలియక కూర్చున్నాం. ఒక పెద్దాయన ఫోను చేసి "మోసం కాదు కదమ్మా?" అని మెల్లగా అడిగారు. తిట్టినా బాగుండేది.

మా సైటును తమ కంప్యూటర్లలో ఉంచి నెలనెలా డబ్బు కట్టించుకునే హోస్టింగ్ వాళ్లది నాలుగుసార్లూ ఒకటే జవాబు: క్యాషె (సైటు దాచుకున్న పాత నకళ్లు) ఖాళీ చేయండి. ఐదోసారి, చేశానని నేనే ముందు చెప్పాను. మళ్లీ చేయమన్నారు.

ఆ కోపమంతా రసీదుల ప్లగిన్ (సైటుకు తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) చూసుకునే ఆయన మీద చూపించాను. "మీ ప్లగిన్ పనికిరాదు" అని ఒక్క వాక్యం పంపాను. పైసా తీసుకోకుండా పనిచేసే మనిషి. ఏ దేశమో కూడా తెలియదు. "మీకు నష్టం జరిగినట్లుంది, కలిసి చూద్దాం" అని రాశారు. ఏ వెర్షన్, ఏది నొక్కారు, ఏం రావాలి, ఏం వచ్చింది అని ఓపికగా అడిగారు. సైటుకు నకలు తీయించి, 18 ప్లగిన్లలో సగం ఆపి చూడమన్నారు, తర్వాత అందులో సగం. ఐదో విడతకు ఆయన ప్లగినే మిగిలింది. "తప్పు నాదే" అన్నారు.

సైటులో జరిగినవి నమోదయ్యే లాగ్‌లో ‘పొందూరు ఖద్దరు అంచుపం’ వరకు ఉంది, ఆ పక్కన నల్లటి డైమండులో ప్రశ్నార్థకం. ప్లగిన్ వస్తువు పేరును 60 బైట్ల దగ్గర కత్తిరిస్తోంది. కంప్యూటరు అక్షరాలను బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు, మాటల మధ్య ఖాళీకి ఒకటే. ముందు మూడు ఖాళీలుంటే కత్తి అక్షరాల మధ్య పడుతుంది; ఒకటో రెండో ఉంటే అక్షరమే తెగుతుంది. తెగిన మాటను పీహెచ్‌పీ (ప్లగిన్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) జేసాన్‌గా, అంటే సమాచారం పంపే రూపంలోకి, మార్చలేదు, ఖాళీ చేతులతో తిరిగొస్తుంది. ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షిస్తే ఇది ఎన్నేళ్లయినా బయటపడదు. మన భాష ఎప్పుడూ ఆఖరికే గుర్తొస్తుంది.

నిన్న రాత్రి సవరణతో పాటు ఆయన ఒక పరీక్ష చేర్చారు. అందులో ‘పొందూరు ఖద్దరు అంచుపంచె’ అని తెలుగులోనే ఉంది. ఇకపై ప్రతి కొత్త వెర్షనూ మా పంచెను దాటాకే విడుదలవుతుందట. కింద ఒక ప్రశ్న: "నాకు చదవడం రాదు. మీ ఊరి పేరు సరిగ్గా రాశానా?"

అక్కడ ఏడ్చేశాను.

మావారు, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు. వాళ్లకు కృతజ్ఞతలు ఇంట్లో చెబుతాను.

అయ్యో, నా ఇంగ్లీషు దిద్దిన పక్కింటి డిగ్రీ అమ్మాయిని మరిచాను. ఏడు రోడ్ల కూడలి దగ్గర రాత్రి షట్టరు సగం ఎత్తి ఛార్జరు ఇచ్చిన అబ్బాయినీ. బాబూ, ఆ ఛార్జరు నా దగ్గరే ఉంది, మధ్యాహ్నం తెస్తాను.