మార్కుల కోసమేనా ఈ తత్వం?

సంపాదకులకు నమస్కారం.

సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి 250 మార్కుల ఎథిక్స్ పేపర్ ఉంది. మాలాంటి వాళ్లకు సోక్రటీస్, అరిస్టాటిల్ పేర్లు తగిలేది అక్కడే. తలా రెండు వాక్యాలు బట్టీ పట్టేస్తే సరి.

నేనూ అలాగే చదువుతుండగా ఎపిక్టెటస్ అనే ప్రాచీన తత్వవేత్త దొరికాడు. బానిసగా పుట్టి, తర్వాత గ్రీసులోని నికోపోలిస్‌లో బడి నడిపిన మనిషి. ఆయన పాఠాలు శిష్యుడు అరియన్ రాసిపెట్టబట్టి మనదాకా వచ్చాయి. స్నానశాలకు బయల్దేరే ముందే అక్కడ నీళ్లు చిమ్మేవాళ్లు, తోసేవాళ్లు, తిట్టేవాళ్లు, వస్తువులు కాజేసేవాళ్లు ఉంటారని గుర్తు చేసుకొని వెళ్లమంటాడు. పొద్దున ఎనిమిదింటికి సిటీ బస్సు ఎక్కేవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మన చేతిలో ఉన్నదేదో, లేనిదేదో విడదీసి చూడమంటాడు. ఫలితాల వాయిదా నా చేతిలో లేదు, దానికోసం టెన్షన్ పడను. అలాగని నోరు మూసుకుని కూర్చోమని కాదు. అర్జీ పెట్టడం నా చేతిలోదే, పెట్టాను కూడా.

ఇంటర్‌లో వారానికి ఒక్క పీరియడ్ ఇలాంటివి మాట్లాడుకోవడానికి కేటాయించాలని రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులను కోరుతున్నాను. దయచేసి దానికి పరీక్ష మాత్రం పెట్టొద్దు.

— ఒక డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్