షూటింగ్ విభాగం వార్షిక నివేదిక, 2025: ఈ ఏడాది మన చెవుల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల తుపాకీ షూటింగ్ విభాగం ఈ ఏడాది ఏం చేసిందో చెప్పడానికే ఈ నివేదిక. ఇందులో ఎక్కువ భాగం ఇయర్‌మఫ్‌ల గురించే, అంటే తుపాకీ మోత నుంచి చెవులను కాపాడే కప్పుల గురించే ఉంటుంది. సంఘం డబ్బుతో కొత్తగా ఏదైనా కొంటే ముందు ఎలక్ట్రానిక్ మఫ్‌లే కొనాలని, టార్గెట్ స్టాండ్లు, టీషర్టులు ఆ తర్వాతేనని జనవరి సమావేశంలో కమిటీ తీర్మానించింది. టీషర్టుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఇది నచ్చలేదు. అయినా కమిటీ మాట మార్చుకోలేదు.

ఎందుకు మార్చుకోలేదో చెప్పాలి. మామూలు మఫ్ శబ్దాన్ని బాగానే ఆపుతుంది. కానీ దానితోపాటు మాటనూ ఆపేస్తుంది. మాట వినపడకపోతే మనిషి చేసే పని ఒకటే, ఒక చెవి మీది కప్పు పైకెత్తి "ఆఁ, ఏంటి?" అంటాడు. కొత్తవాళ్లు, పిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు అందరూ ఇంతే. వసంతకాలం పిక్నిక్‌లో ఒక సభ్యురాలి మామగారు ఊరికే చూడ్డానికి వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. కోడలు ఏదో అడిగితే "ఏమన్నావమ్మా?" అని కప్పు ఎత్తారు. సరిగ్గా అప్పుడే పక్క లేన్‌లో, అంటే పక్కన కాల్చేవాళ్లు నిలబడే చోట, ఎవరో రైఫిల్ పేల్చారు. దాని కొసకు మజిల్ బ్రేక్ అనే తొడుగు కూడా ఉంది. అది గ్యాస్‌ను పక్కలకు తోస్తుంది కాబట్టి పేల్చినవాడి కన్నా పక్కవాడికే మోత ఎక్కువ. పెద్దాయన చెవి ఆ సాయంత్రమంతా గుయ్‌మంటూనే ఉంది, మర్నాటికి తగ్గింది. అందరికీ మర్నాటికి తగ్గుతుందన్న హామీ ఏమీ లేదు.

తుపాకీ మోతకు అంకెలు చూస్తే సంగతి తెలుస్తుంది. పాయింట్ 22 రైఫిల్ 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. 9 ఎంఎం పిస్టల్ 160 దగ్గర, ఎ.ఆర్.-15 రైఫిల్ ఇంకాస్త పైన. రక్షణ లేని చెవి 140 దాటిన పేలుడును ఒక్కసారి కూడా వినకూడదని నిపుణులు పెట్టుకున్న హద్దు. అంటే మన దగ్గర అన్నిటికన్నా 'చిన్న తుపాకీ' అనుకునేది కూడా ఆ హద్దు మీదే ఉంది. కప్పు ఎత్తిన అర సెకను చాలు.

ఎలక్ట్రానిక్ మఫ్ ఈ ఎత్తే అలవాటును మాన్పిస్తుంది. మేము దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే, మిగతా గొప్పలన్నీ దీని తర్వాత. కప్పు బయట చిన్న మైకులు, లోపల చిన్న స్పీకర్లు ఉంటాయి. మైకులు అందుకున్న మాటను కాస్త పెంచి చెవికి ఇస్తాయి. శబ్దం ఒక హద్దు దాటితే, చాలా మోడళ్లలో అది 82 డెసిబెల్స్, సర్క్యూట్ స్పీకర్‌ను నొక్కేస్తుంది. "సీజ్ ఫైర్" (కాల్పులు ఆపండి) అన్న కేక వినపడుతుంది, పేలుడు మాత్రం మూతలోంచి వచ్చినట్టు మెత్తగా ఉంటుంది.

ఇక్కడ మా సభ్యుల్లో సగం మందికి ఉన్న ఒక అపోహ. పేలుడును ఆపేది ఎలక్ట్రానిక్స్ కాదు, ప్లాస్టిక్ కప్పు, దాని లోపలి ఫోమ్, చెవి చుట్టూ ఉండే మెత్త. బ్యాటరీ అయిపోతే మైకు ఆగిపోతుందే తప్ప రక్షణ పోదు, అప్పుడది మామూలు మఫ్ అవుతుంది. కాబట్టి బ్యాటరీ అయిపోయిందని రేంజ్‌లో, అంటే తుపాకులు కాల్చే చోట, మధ్యలో మఫ్ తీసేయకండి. మరో అపోహ దీనికి తలకిందులు: పాటలు వినే నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ చాలవా అని. చాలవు. అవి విమానం ఇంజిన్ లాంటి ఒకే తీరు హోరును తగ్గించడానికి చేసినవి. రెండు నెలల కిందట ఒక కుర్రాడు వాటితోనే లేన్‌లోకి వచ్చాడు, మన రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ వెనక్కి పంపారు.

కొనుగోలు విషయానికొస్తే, నాలుగైదు రకాలు తెప్పించి సభ్యులకు పెట్టి చూశాం. హోవార్డ్ లైట్ ఇంపాక్ట్ స్పోర్ట్ మీద ఎన్.ఆర్.ఆర్. (శబ్దాన్ని ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) 22 అని ఉంటుంది, వాకర్స్ రేజర్ మీద 23, పెల్టార్ స్పోర్ట్ టాక్టికల్ 500 మీద 26. ఈ అంకెల మీద వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే నడిచింది. 26 ఉన్నది 22 కన్నా మంచిదే కదా అని. డబ్బా మీది అంకె ప్రయోగశాలలో, నిలకడగా వచ్చే శబ్దంతో, మఫ్‌ను సరిగ్గా పెట్టి కొలిచినది. పని ప్రదేశాల్లో వాస్తవానికి దగ్గరగా ఉండడానికి అమెరికా ఓషా (పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు ఆ అంకెలోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేయమంటారు. అలా చూస్తే 23 కాస్తా 8 అవుతుంది. అందుకే ముగ్గురు నలుగురు అభిప్రాయం చెప్పాక కమిటీ అంకెల వెంట పడడం మానేసి, తలకు ఏది బాగా కూర్చుంటుందో, రైఫిల్ వెనక చెక్కకు చెంప ఆనించినప్పుడు ఏ కప్పు కదలకుండా ఉంటుందో చూసింది. సన్నటి కప్పులు ఈ పరీక్షలో నెగ్గాయి. లావు కప్పు చెక్కకు తగిలి పక్కకు జరుగుతుంది, జరిగిన చోట సందు వస్తుంది, ఆ సందులోంచి మోత మొత్తం దూరుతుంది.

సందుల విషయంలో మనవాళ్లకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. కళ్లజోడు కాళ్లు లావుగా ఉంటే మెత్త కింద సందు ఏర్పడుతుంది, కాబట్టి రేంజ్‌కు సన్నని కాళ్లున్న సేఫ్టీ గ్లాసులు మేలు. ఆడవాళ్లు బుట్టకమ్మలు, మాటీలు తీసేసి రావాలి. ఇది నియమంగా పెట్టాక మొదట్లో మూతి విరుపులు కనిపించాయి గానీ, ఒకసారి పెట్టుకుని తేడా విన్నాక ఎవరూ వాదించలేదు. చలికాలం మన నాన్నగార్ల మంకీ క్యాప్ ఒక పెద్ద సమస్య. టోపీ మీద మఫ్ పెట్టుకోవడం అంటే పెట్టుకోనట్టే. ముందు మఫ్, దాని మీద టోపీ. ఈ మాట చెప్పి ఒప్పించడానికి పట్టే సమయం షూటింగ్ నేర్పడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ.

ఇండోర్ రేంజ్‌లో ఒక్క మఫ్ చాలదు. కాంక్రీటు గోడల మధ్య మోత తిరిగి తిరిగి మీదికే వస్తుంది. కింద చెవిలోకి దూర్చే ఫోమ్ ప్లగ్, పైన మఫ్, రెండూ ఉండాలన్నది ఇప్పుడు మన నియమం. ఎన్.ఆర్.ఆర్. 33 ఉన్న ప్లగ్, 23 ఉన్న మఫ్ కలిపితే 56 రాదు, పెద్ద అంకెకు ఓ 5 కలుపుకుంటే చాలు, అంటే 38 దాకా. ఎముకల ద్వారా లోపలికి వచ్చే శబ్దాన్ని ఏ మఫ్ ఆపలేదు, అంతకుమించి పెరగకపోవడానికి అదీ ఒక కారణం. ఎలక్ట్రానిక్ మఫ్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. కింద ప్లగ్ పెట్టుకుని మఫ్ వాల్యూమ్ పూర్తిగా పెంచితే, పెంచిన మాట ప్లగ్‌ను దాటి లోపలికి వస్తుంది. మామూలు మఫ్‌తో ఇది కుదరదు, రెండూ పెట్టుకున్నవాడికి పక్కన బాంబు పడినా తెలియదు. యు.ఎస్.పి.ఎస్.ఏ. (అమెరికా ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీలకు వెళ్లే మన సభ్యులు ఈ పద్ధతితోనే మొదలుపెట్టమనే టైమర్ బీప్ వినగలుగుతున్నారు.

ప్లగ్‌ను సరిగ్గా పెట్టుకోవడం కూడా చెప్పించాం. వేళ్లతో సన్నగా నలిపి, ఎదుటి చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. బయటికి సగం కనిపిస్తోందంటే పని చేయట్లేదని అర్థం.

సెప్టెంబరులో వినికిడి నిపుణురాలైన (ఆడియాలజిస్ట్) మన సభ్యురాలు వినికిడి పరీక్షల శిబిరం పెట్టారు. ఊహించిన దానికన్నా జనం ఎక్కువే వచ్చారు. కుడిచేతి వాటంతో రైఫిల్ పట్టేవాళ్లకు ఎడమ చెవి తుపాకీ నోటికి దగ్గరగా ఉంటుంది, కుడి చెవి తల నీడలో ఉంటుంది. అందుకే దశాబ్దాలుగా కాలుస్తున్నవాళ్లలో ఎడమ చెవి ముందు పాడవడం మామూలు. మన పాతకాపుల్లో కొందరి గ్రాఫ్‌ల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర వినికిడి తగ్గినట్టు చూపే పల్లం కనిపించింది. ఆ స్థాయి శబ్దాలు పోతే మనిషి గొంతు వినపడుతూనే ఉంటుంది, మాట మాత్రం స్పష్టంగా తెలియదు. ఇంట్లో "గొణుగుతావేం, గట్టిగా చెప్పు" అని గొడవపడే దంపతుల్లో తప్పు ఎవరిదో ఈ శిబిరంలో కొన్ని ఇళ్లకు తేలిపోయింది. హియరింగ్ ఎయిడ్ ఉన్న పెద్దల కోసం లోతైన కప్పులున్న మఫ్‌లు రెండు విడిగా కొన్నాం. హియరింగ్ ఎయిడ్ ఆపేసి, వీటిని పెట్టుకుంటే మాట వినపడుతుంది, ఈలలు రావు.

అక్టోబరులో, అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన మన సభ్యుల కుమారుడొకరు మాట్లాడారు. అమెరికాలో మాజీ సైనికులు పరిహారం అడిగే సమస్యల్లో చెవిలో హోరు మొదటి వరుసలో ఉంటుంది. 3ఎం కంపెనీ సైన్యానికి అమ్మిన కంబాట్ ఆర్మ్స్ ప్లగ్‌ల కేసు గురించి ఆయన వివరించారు. ప్లగ్ పొట్టిగా ఉండడం వల్ల కొందరి చెవుల్లో సరిగ్గా నిలవదన్న ఆరోపణ మీద అది నడిచింది. ఆ విషయం దాచి అమ్మారన్న ఆరోపణ మీద 2018లో కంపెనీ ప్రభుత్వానికి 91 లక్షల డాలర్లు కట్టింది, తప్పు ఒప్పుకోలేదు. 2023 ఆగస్టులో రెండు లక్షలకు పైగా సైనికుల, మాజీ సైనికుల దావాలకు 600 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అవి ఎలక్ట్రానిక్ కావు. కానీ ఆయన చెప్పదల్చుకున్నది అదే: పరికరం మీద నమ్మకం పెట్టుకునే ముందు అది మీ చెవిలో కూర్చుందో లేదో చూసుకోండి.

సైనికులు, పోలీసులు ఎలక్ట్రానిక్ హెడ్‌సెట్ ఎందుకు వాడతారో కూడా చెప్పారు. రేడియో వినాలి, పక్కనున్న మనిషి గుసగుస వినాలి, పేలుడు వినకూడదు. మూడూ ఒక్కదాంతో కావాలి. ఆయన చెప్పిన లోపం మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పరు. కప్పు వేసుకున్నాక శబ్దం ఎటు నుంచి వస్తోందో పట్టడం కష్టం, ముఖ్యంగా ముందా వెనకా అన్నది. బయటి చెవి మడతలు చేసే పని మైకు చేయలేదు కదా. గాలి గట్టిగా వీస్తే మైకులో రొద తప్ప ఇంకేమీ వినపడదు. అందుకే మన రేంజ్‌లో ఒక నియమం కలిపాం: ఆజ్ఞ వినపడితే ఎటు నుంచి వచ్చిందో వెతుక్కోకండి, ముందు వేలు ట్రిగ్గర్ మీంచి తీయండి.

సప్రెసర్ల గురించి, అంటే తుపాకీ నోటికి బిగించి మోత తగ్గించే గొట్టాల గురించి, చాలామంది అడిగారు. 2026 జనవరి 1 నుంచి 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది, కానీ దరఖాస్తు, అనుమతి ఉన్నాయి. సప్రెసర్ ఉంటే మఫ్ అక్కర్లేదన్నది తప్పు. అది మామూలుగా 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ధ్వనివేగాన్ని మించి వెళ్లే తూటా చేసే చప్పుడును తగ్గించదు. పైగా పక్క లేన్‌వాడి తుపాకీకి మీ సప్రెసర్ ఏం చేస్తుంది?

చట్టం విషయం మళ్లీ గుర్తు చేస్తున్నాం, ఎందుకంటే ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకున్న తుపాకీకీ ఇదే వర్తిస్తుంది. అనుమానం ఉంటే ముందు లాయర్‌ను అడగండి. చూడ్డానికి రావచ్చు, మఫ్ మేమిస్తాం.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలో దిగాక, ఊళ్లో ఉన్న మేనల్లుళ్లకు, మేనకోడళ్లకు ఎలక్ట్రానిక్ మఫ్‌లు తీసుకెళ్లాలని చాలామంది మోజుపడ్డారు. పోటీలకు సాధన చేసే పిల్లలకైతే వద్దు. ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమాల ప్రకారం శబ్దాన్ని అందుకునే పరికరం ఉన్న మఫ్‌ను షూటర్లు వాడకూడదు. వాళ్లకు మంచి మామూలు మఫ్ తీసుకెళ్లండి, తక్కువ ధరకే వస్తుంది.

నిర్వహణ గురించి రెండు మాటలు. టెక్సస్ ఎండలో కారులో వదిలేసిన మఫ్ మెత్తలు గట్టిపడి పగులుతాయి. బ్యాటరీ కారిపోతుంది. మెత్తలను ఏడాదికి కనీసం రెండుసార్లు మార్చాలి, సంఘం మఫ్‌లకు మార్చేశాం. ఎండాకాలం చెమటకు జెల్ మెత్తలు కాస్త నయం. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చిందని ఒకరు తెచ్చిన మఫ్‌లో ఒకవైపు మైకే పనిచేయలేదు, డబ్బా మీద రేటింగ్ ముద్ర కూడా లేదు. అలాంటివి రేంజ్‌లోకి అనుమతించం. దీపావళికి కొందరు సభ్యులు సంఘం మఫ్‌లు పిల్లలకు పెట్టి టపాసులు కాల్పించారు. మంచిదే, కానీ తిరిగి ఇవ్వండి. రెండు ఇంకా రాలేదు.

జమాఖర్చుల పట్టిక సర్వసభ్య సమావేశంలో అందిస్తాం. వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదనలు ఇవి: ఇండోర్ రోజుల్లో ప్లగ్ లేనివారిని లేన్‌లోకి పంపకపోవడం, పన్నెండేళ్ల లోపు పిల్లల సైజు ఎలక్ట్రానిక్ మఫ్‌లు కొనడం, సెప్టెంబరు శిబిరాన్ని ప్రతి ఏటా జరపడం. టీషర్టుల ప్రతిపాదన కూడా ఉంది, ఓటుకు పెడతాం. సంఘం మఫ్‌లు కావాల్సినవాళ్లు రేంజ్ రోజుకు ముందురోజు రాత్రిలోగా గ్రూపులో చెప్పండి. బ్యాటరీలు మీరే తెచ్చుకోండి, ట్రిపుల్ ఎ రెండు.