సర్వర్ స్లో కావడానికి కారణం పెద్ద ఫైళ్ల సపోర్టు కాదు

సంపాదకుల గారికి,

నమస్కారం. గత వారం మీ కంప్యూటర్ పేజీలో వచ్చిన ఒక జవాబు గురించి ఈ ఉత్తరం. ఆఫీసులో లినక్స్ సర్వర్ స్లో అయిందని ఒక పాఠకుడు అడిగితే, 2 జీబీ దాటిన ఫైళ్లకు సపోర్టు తీసేస్తే వేగం పెరుగుతుందని రాశారు. నేను ఇరవై ఏళ్లుగా మిర్యాలగూడలో రైస్ మిల్లుల సర్వర్లు చూసుకుంటున్నాను. ఈ మాట నమ్మినందుకు ఒక మిల్లు ఎంత నష్టపోయిందో దగ్గరుండి చూశాను.

ఆ మిల్లులో వేబ్రిడ్జి తూకాలు, రైతుల చెల్లింపులు అన్నీ ఒకే సర్వర్‌లో ఉండేవి. రాత్రి పూట క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు వాటంతటవే నడిపే ఏర్పాటు) బ్యాకప్ నడిచేది. ఆ ప్రోగ్రాం పాత 32 బిట్‌ది. మార్చుకోమని నేను రెండుసార్లు చెప్పాను. సర్వర్ పెట్టిన వాళ్లేమో పెద్ద ఫైళ్ల సపోర్టు ఉన్నది వేస్తే మెషిన్ బరువెక్కుతుందని ఓనరుకు చెప్పి ఆపేశారు. యాసంగి కొనుగోళ్ల మధ్యలో డిస్కు పోయింది. బ్యాకప్ తీసి చూస్తే ఫైలు సైజు సరిగ్గా 2147483647 బైట్లు. ఆ అంకె చూడగానే నాకు విషయం అర్థమైంది. ఫైల్‌లో ఎక్కడున్నామో లెక్క పెట్టుకోవడానికి ఆ ప్రోగ్రాంకు ఉన్నవి 32 బిట్లు, అందులో ఒకటి ప్లస్సు మైనస్సులకు పోతుంది. మిగతా 31 బిట్లలో పట్టే అతి పెద్ద అంకె అదే. అక్కడికి రాగానే రాయడం ఆగిపోయింది. ఫైల్ సైజు దాటిందన్న మెసేజ్ ప్రతి రాత్రీ రూట్ (సర్వర్ అడ్మిన్) మెయిల్‌బాక్స్‌లో పడుతూనే ఉంది, తెరిచి చూసినవాళ్లు లేరు. వరుసలో చివర ఉన్న ఆ సీజన్ తూకాలు ఒక్కటీ బ్యాకప్‌లోకి రాలేదు. గుమాస్తాలు ఇద్దరు కాంటా చిట్టీలు ముందేసుకుని రాత్రింబవళ్లు మళ్లీ ఎక్కించారు. చిట్టీ పోగొట్టుకున్న రైతులు డబ్బుల కోసం మిల్లు గేటు దగ్గర నిలబడ్డారు. ఆ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను.

ఈ 2 జీబీ చిక్కు తీర్చడానికే 1996లో యూనిక్స్ (లినక్స్‌కు ముందు తరం ఆపరేటింగ్ సిస్టమ్) కంపెనీలు లార్జ్ ఫైల్ సమ్మిట్ పేరుతో ఒక ఒప్పందానికి వచ్చి, ఆ లెక్కను 64 బిట్లకు పెంచాయి. కొన్ని పాత యూనిక్స్‌లలో నోలార్జ్‌ఫైల్స్ అనే ఆప్షన్ కూడా పెట్టారు. అది పెద్ద ఫైలు ఎదురైతే తప్పు చేసే పాత ప్రోగ్రాంలను కాపాడటానికి, వేగం కోసం కాదు. పాత 32 బిట్ ప్రాసెసర్ మీద 64 బిట్ కూడికకు ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కువ పట్టే మాట నిజమే. కానీ 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆ లోపల ప్రాసెసర్ లక్షల లెక్కలు చేసేస్తుంది.

అలాగని పెద్ద ఫైళ్లతో సర్వర్ స్లో కాదని నేను అనను. అవుతుంది, కానీ కారణం ఫైల్‌సిస్టమ్, అంటే డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు, ఆ ఫైలు లెక్క రాసుకునే తీరులో ఉంది. లినక్స్‌లో పాత ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ 3, ప్రతి 4 కేబీ బ్లాకుకూ (డిస్కులో చిన్న ముక్క) విడిగా చిరునామా రాస్తుంది. గోదాంలో ప్రతి బస్తా నంబరూ రిజిస్టర్‌లో విడివిడిగా రాసినట్టు. 20 జీబీ ఫైలుకు 52 లక్షలకు పైగా బ్లాకులు. వాటి చిరునామాలకే ఇంకో ఐదు వేల పైచిలుకు బ్లాకులు కావాలి. అలాంటి ఫైలు డిలీట్ చేస్తే అవన్నీ చదివి విడిపించాలి కాబట్టి, వేబ్రిడ్జి దగ్గర లారీ ఆగి ఉన్నా తూకం సేవ్ కాదు. 2008 డిసెంబరులో 2.6.28 కెర్నల్‌తో (లినక్స్ అసలు ప్రోగ్రాం) స్థిరపడిన, దాని తర్వాతి ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ 4 మాత్రం ‘ఈ నంబరు నుంచి ఇన్ని బస్తాలు’ అని ఒక్క పద్దు రాసుకుంటుంది. ఒక పద్దులో 128 ఎంబీ దాకా పడుతుంది. డిస్కులో జాగా వరుసగా దొరికితే 20 జీబీకి నూట అరవై పద్దులు చాలు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్ అయితే మొదటి నుంచీ ఈ పద్ధతిలోనే ఉంది. డిస్కు తొంభై శాతం నిండే దాకా ఆగకూడదని నేను అందరికీ చెప్పేది ఇందుకే. జాగా ముక్కలైతే పద్దులూ ముక్కలవుతాయి.

ఇంకో మాట. ఈఎక్స్‌టీ 3 డిస్కును ఈఎక్స్‌టీ 4గా మార్చినంత మాత్రాన పాత ఫైళ్లు మారవు. వాటిని కాపీ చేసి తిరిగి పెడితేనే కొత్త లెక్కలోకి వస్తాయి. మొదటిసారి నాకూ ఈ సంగతి తెలియక రెండు రోజులు వెతుక్కున్నాను.

దయచేసి ఆ జవాబును అదే పేజీలో సరిదిద్దండి. సొంత సర్వర్ ఉన్న మిల్లులవాళ్లు, కాలేజీలవాళ్లు, ఫొటో స్టూడియోలవాళ్లు ఈ రోజే తమ బ్యాకప్ ఫైలు సైజు చూసుకోవాలని కూడా రాయండి. అది 2147483647 దగ్గర ఆగి ఉంటే, వాళ్ల చేతిలో ఉన్నది సగం బ్యాకప్పే.

ఇట్లు,
ఒక సర్వర్ మెకానిక్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా