పెప్ బ్యాండ్ తెలుగు కుటుంబాల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటల్లో జట్టుకు ఉత్సాహమిచ్చేలా వాయించే పెప్ బ్యాండులోని పిల్లలకు, వారి తల్లిదండ్రులకు, చదువు ముగిసి ఊరు మారినా సభ్యత్వం వదులుకోని పాత విద్యార్థులకు నమస్కారం. సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి ఏడాది పనుల నివేదిక ఇవ్వాలన్నది మన నిబంధన. ఆగస్టు ఆడిషన్ల నుంచి మార్చి టోర్నమెంటు దాకా జరిగినవన్నీ వరసగా రాయడం ఆనవాయితీ. ఈసారి మాత్రం డిసెంబరు సెలవుల్లో జరిగిన మహిళల ఆటతో మొదలుపెడుతున్నాను. ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో పెద్దది అదే.

డిసెంబరు ఆట

సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే డార్ములు (హాస్టళ్లు) మూసేస్తారు, పిల్లలు ఇళ్లకు వెళ్లిపోతారు. బాస్కెట్‌బాల్ జట్లకు మాత్రం సెలవులుండవు. పురుషుల ఆటకైతే దగ్గర ఊళ్ల పిల్లలు ఎలాగోలా వచ్చి వాయిస్తారు. క్రిస్మస్ తర్వాతి వారంలో ఉన్న మహిళల ఆటకు ఎవరూ పేరు ఇవ్వలేదు. బ్యాండు లేకపోతే స్పీకర్లలో రికార్డు పాటలు వేసి కానిచ్చేస్తామని బ్యాండు డైరెక్టర్ గారికి కబురు వచ్చింది. ఆయన మనకు ఫోన్ చేసి, "మీ పిల్లలు ఎంతమంది ఊళ్లో ఉన్నారు?" అని అడిగారు.

ఊళ్లో ఉన్నవాళ్లు కొద్దిమందే. ఆ రాత్రే వాట్సాప్‌లో సందేశం పెట్టాం. డార్ములు మూసి ఉన్నందున దూరం నుంచి వచ్చే పిల్లలకు పడక కావాలి. ఐదు కుటుంబాలు తమ ఇళ్లలో చోటిస్తామన్నాయి. పాత విద్యార్థులను కూడా బ్యాండులోకి తీసుకోవడానికి డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు. మన ఒహాయోలోనే సిన్సినాటి నుంచి, కొలంబస్ నుంచి, టొలీడో నుంచి మంచులో కార్లు వేసుకుని వచ్చారు. చివరికి రెండు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక మెల్లోఫోన్ (ట్రంపెట్ లాంటి బూర), నాలుగు సాక్సోఫోన్లు, డ్రమ్ సెట్ సమకూరాయి. ఒంటికి చుట్టుకునే పెద్ద బూర సూసాఫోన్ లేకపోతే కింది స్వరం ఉండదు, బ్యాండు డొల్లగా వినిపిస్తుంది. డేటన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మన పాత సభ్యురాలు ఆ బాధ్యత తీసుకున్నారు. ఇత్తడి సూసాఫోన్ 30 పౌండ్లకు పైనే ఉంటుంది. చదువు అయిపోయాక ఆవిడ దాన్ని మళ్లీ భుజానికెత్తుకోవడం ఇదే మొదటిసారి. ఆట అయ్యేదాకా కింద పెట్టలేదు.

ఒక ట్రంపెట్ రాత్రంతా కారు డిక్కీలో ఉండిపోయింది. తెచ్చి చూస్తే మూడు వాల్వులూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ అబ్బాయి దాన్ని కోటు లోపల పొదువుకుని కూర్చుని, లోహం చలి వదిలాక వాల్వులు ఒక్కొక్కటే తీసి తుడిచి, నూనె వేసి, ఆట మొదలయ్యే వేళకు సిద్ధం చేసుకున్నాడు. చలికాలంలో వాయిద్యం ఇంట్లోనే ఉంచాలని తల్లిదండ్రులకు మరోసారి మనవి.

మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్‌ను 2015–16 నుంచి పది నిమిషాల క్వార్టర్లు నాలుగుగా ఆడుతున్నారు. పురుషులకు ఇప్పటికీ 20 నిమిషాల అర్ధభాగాలు రెండే. అందువల్ల టీవీ విరామాలు వచ్చే చోట్లు వేరు, పాటల వరుసా వేరు. బంతి ఆటలో ఉండగా బ్యాండు వాయించకూడదు. విజిల్ పడగానే డైరెక్టర్ గారు వేళ్లతో పాట నంబరు చూపిస్తారు, డ్రమ్ముల మీద నాలుగు దెబ్బలు పడతాయి, అందరూ అందుకోవాలి. ముప్ఫై సెకన్ల విరామమైతే పల్లవి వరకే. ఆటగత్తెలు కోర్టులోకి అడుగు పెట్టగానే ఆయన పిడికిలి మూస్తారు, ఎక్కడున్నవాళ్లు అక్కడ ఆపాలి. కలిసి ఎన్నడూ సాధన చేయనివాళ్లు ఆ రోజు ఒక్కసారి కూడా తడబడలేదు. ఈ మాట నాది కాదు, డైరెక్టర్ గారిది.

ఆట ఓడిపోయాం. అయినా జట్టులోని అమ్మాయిలంతా లాకర్ రూముకు వెళ్లేముందు బ్యాండు కూర్చున్న మూలకు వచ్చి ఒక్కొక్కరికీ చేయి కలిపి వెళ్లారు. సెలవుల్లో బ్యాండు ఉండటం తమకు ఇదే మొదటిసారని కెప్టెన్ చెప్పింది.

ఆ రోజు మరో అతిథి వచ్చారు. ఆల్టో సాక్సోఫోన్ వాయించే మన సభ్యురాలి తాతగారు తెనాలి దగ్గర పల్లె నుంచి పిల్లల్ని చూడటానికి వచ్చి ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించినవారు. శృతి ఎంత అని అడిగారు. బీ ఫ్లాట్ అని మనవరాలు చెప్పింది. "మన శృతుల లెక్కలో ఆరున్నర అన్నమాట" అని కళ్లు మూసుకుని విన్నారు. ఆట అయ్యాక పిల్లల్ని దగ్గరకు పిలిచి, "పాట చివరికొచ్చేసరికి గాలి అయిపోతోందమ్మా. ముందంతా ఊదేయకండి, ముగింపు స్వరానికి దాచుకోండి" అన్నారు. డైరెక్టర్ గారికి ఆ మాట అనువదించి చెబితే, తాను రోజూ మొత్తుకునేది అదేనన్నారు. మన ఊళ్లలో బ్యాండు మేళం వాళ్లను భోజనాల దగ్గర ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టే అలవాటు చూసి పెరిగినవాళ్లం మనలో చాలామంది ఉన్నాం. పిల్ల బ్యాండులో చేరుతానంటే "ఇంజనీరింగ్ చదువుతూ బ్యాండేమిటి?" అని ముఖం చిట్లించిన ఇళ్లూ ఉన్నాయి. ఆ పెద్దాయనకు మన పిల్లలందరూ వంగి నమస్కారం పెట్టడం ఆ ఇళ్లవాళ్లు కూడా చూశారు. నాకు అది చాలా సంతోషం.

అతిథి బ్యాండు అనేది కొత్త సంగతి కాదని ఆ వారంలో పిల్లలకు చెబుతూ వచ్చాను. 2024 మార్చిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో జరిగిన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టోర్నమెంటుకు యేల్ యూనివర్సిటీ బ్యాండు రాలేకపోయింది. అక్కడికి దగ్గరలోని ఐడహో యూనివర్సిటీ బ్యాండు యేల్ చొక్కాలు వేసుకుని, వాళ్ల ఫైట్ సాంగ్ (జట్టు పాట) నేర్చుకుని, సొంత జట్టు కోసం వాయించినట్టే వాయించింది. యేల్ 78–76తో ఆబర్న్ జట్టు మీద గెలిచింది. పరాయి జట్టు కోసం ఐడహో పిల్లలు వెళ్లగలిగారంటే, మన జట్టు కోసం మనం రాలేమా అన్నదే నా ప్రశ్న.

రానివాళ్ల గురించి

ఈ సంగతి రాయక తప్పదు. మార్చిలో టోర్నమెంటుకు వెళ్లే బ్యాండు జాబితా వేసేటప్పుడు అందరికీ చోటు కావాలి. నేషనల్ టోర్నమెంటుకు వెళ్తే ఎన్‌సీఏఏ అనుమతించేది 29 మంది వాయిద్యకారులనే. ఆ 29లో మా అబ్బాయి పేరు ఉండాలని ఫోన్లు చేసిన తల్లిదండ్రులు జనవరిలో మంగళవారం రాత్రి మహిళల ఆటకు పిల్లల్ని ఎందుకు పంపలేదు? ల్యాబ్ ఉంది, జలుబు చేసింది, మంచు పడుతోంది అన్నారు. అవే రోజుల్లో, అదే మంచులో వచ్చిన పిల్లలున్నారు. ఎవరిని తీసుకెళ్లాలో తేల్చేది డైరెక్టర్ గారు, మన సంఘం కాదు. హాజరు పట్టిక మాత్రం ఆయన ముందే ఉంటుంది.

అమ్మాయిల ఆట రెండో రకం ఆట అన్న భావన మనలోనే ఉంది, దాన్ని వదిలించుకోవాలి. 2024లో మహిళల ఫైనల్ మన క్లీవ్‌ల్యాండ్‌లోనే జరిగింది, దాన్ని పురుషుల ఫైనల్ కంటే ఎక్కువమంది టీవీలో చూశారు. మహిళల టోర్నమెంటు ఆడే జట్లకు కూడా పురుషులకు ఇస్తున్నట్టే ఆదాయంలో వాటా ఇవ్వాలని ఎన్‌సీఏఏ 2025 జనవరిలో తీర్మానించింది. చదువుల్లో ఆడ, మగ తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద తనిఖీ చేసేటప్పుడు మహిళల జట్లకు పెప్ బ్యాండు సమానంగా వస్తోందా లేదా అన్నదీ చూస్తారు. అందుకే చాలా యూనివర్సిటీల్లో బ్యాండును రెండు బృందాలుగా చేసి రెండు జట్ల ఆటలకూ తిప్పుతారు.

చట్టం అలా ఉన్నా మార్చిలో మనకు జరిగింది వేరు. మన జట్లు ఆడే మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్ (యూనివర్సిటీల లీగు) టోర్నమెంటులో మహిళల క్వార్టర్ ఫైనల్స్ బుధవారం, పురుషులవి గురువారం, రెండూ క్లీవ్‌ల్యాండ్‌లోనే. బ్యాండుకు బస్సు గురువారం నుంచే మంజూరైంది. బుధవారానికి కూడా ఇవ్వమని సంబంధిత కార్యాలయానికి ఫిబ్రవరిలోనే రాశాం. మళ్లీ రాశాం. ఫోన్ చేస్తే బాధ్యులు మీటింగులో ఉన్నారన్నారు. జవాబు వచ్చేసరికి మహిళల ఆట అయిపోయింది. తల్లిదండ్రుల కార్లలో, ఒక సభ్యుడి మినీ వ్యానులో డ్రమ్ములు సర్దుకుని బుధవారం ఆటకు పిల్లలు వెళ్లారు. ఐ-71 హైవే మీద తెల్లవారుజామున కార్లు నడిపిన ప్రతి ఒక్కరికీ సంఘం రుణపడి ఉంది. వచ్చే ఏడాది బుధవారం బస్సు కోసం అక్టోబరులోనే రాతపూర్వకంగా అడగాలని కార్యవర్గం తీర్మానించింది.

మిగతా పనులు

ఆగస్టులో ఆడిషన్లకు ముందు రెండు వారాంతాలు పాత విద్యార్థులు కొత్తవాళ్లకు తర్ఫీదు ఇచ్చారు. సైట్ రీడింగులో, అంటే కాగితం మీది స్వరాలు చూసి అప్పటికప్పుడు వాయించడంలో, మనవాళ్లు వెనకబడుతున్నారు. ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకు చెవి బాగుంటుంది, ఒకసారి వింటే పట్టేస్తారు, కానీ కాగితం ముందు పెడితే తడుముకుంటారు. ఈ ఏడాది దాని మీదే ఎక్కువసేపు కూర్చోబెట్టాం, ఫలితం కనిపించింది.

చెవుల సంగతి ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలకు మించి ఉండకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ సూచన. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి తగ్గుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. ట్రంపెట్ల ముందు వరసలో నిలబడిన సాక్సోఫోన్ పిల్లలకు రెండు గంటల ఆటలో ఏం జరుగుతుందో లెక్క వేసుకోండి. సంఘం అందరికీ సంగీతకారుల ఇయర్ ప్లగ్గులు కొని ఇచ్చింది. జేబులో పెట్టుకుని తిరుగుతున్నవాళ్లు దయచేసి చెవుల్లో పెట్టుకోండి.

ఆటకు ముందు భోజనాలు పంపుతున్న తల్లులకు, వంటలో చేయి వేసిన నాన్నలకు పిల్లలందరి తరఫున కృతజ్ఞతలు. పులిహోర ట్రేలకు తెలుగు రాని పిల్లలు కూడా వరస కడుతున్నారు. ఒక్క మనవి. పసుపు నూనె అంటిన వేళ్లతో వాయిద్యం మీటలు (కీలు) ముట్టుకోకూడదు. స్వీటు తిని, సోడా తాగి నోరు పుక్కిలించకుండా ఊదితే ఆ చక్కెర సాక్సోఫోన్ ప్యాడ్లకు అంటుకుని కీలు అతుక్కుంటాయి. ఈ ఏడాది మరమ్మతుల్లో మూడొంతులు ఈ కారణంతోనే వచ్చాయి. బూరెలు, మైసూరుపాకులు ఆట అయ్యాక పంచుదాం.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన మాస్టర్స్ విద్యార్థులు ఈసారి బ్యాండులో చేరారు, సంతోషం. చదువు నడుస్తున్న రోజుల్లో వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. బ్యాండుకు వచ్చే డబ్బు స్కాలర్‌షిప్ కింద వస్తుందా, పని జీతం కింద వస్తుందా అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. సంతకం పెట్టేముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. స్నేహితుల మాట మీద ఆధారపడకండి.

జమాఖర్చులు

కోశాధికారి గారు తయారు చేసిన లెక్కలను ఇద్దరు సభ్యులు సరిచూసి సంతకం చేశారు, ప్రతులు మీకు ఈమెయిల్‌లో అందాయి. క్లీవ్‌ల్యాండ్ ప్రయాణం పెట్రోలు వల్ల ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది. వాయిద్యాల మరమ్మతు నిధిలో తగినంత మిగిలింది. చందా బాకీ ఉన్నవాళ్లు సమావేశం రోజున చెల్లించవచ్చు. ప్రశ్నలుంటే కోశాధికారి గారు సభలో జవాబిస్తారు.

కృతజ్ఞతలు

మన మాట విని, మన పిల్లల్ని తన పిల్లల్లా చూసుకున్న డైరెక్టర్ గారికి, సెలవులు మానుకుని వచ్చిన సహాయ డైరెక్టర్ గారికి, అరీనా తలుపులు గంట ముందే తెరిచిన సిబ్బందికి, డిసెంబరులో ఇళ్లు తెరిచిన ఐదు కుటుంబాలకు, డేటన్ సూసాఫోన్ అక్కకు, మినీ వ్యాను ఇచ్చిన అన్నయ్యకు, సంక్రాంతి రోజున ముగ్గు సగంలో వదిలి డ్రమ్ములు దించడానికి వచ్చిన అమ్మలకు, ఆరున్నర శృతి తాతగారికి ధన్యవాదాలు. అందరి పేర్లూ సభలో చదువుతాను. మూడేళ్లుగా బ్యాండు ఫోటోలు తీస్తున్న పాత సభ్యుడికి ఈసారి శాలువా కప్పుతున్నాం.

కార్యవర్గంలో ఉపాధ్యక్షుడు, రవాణా బాధ్యుడు పదవులకు ఎన్నిక ఉంది. రవాణా పనికి గత ఏడాది ఎవరూ ముందుకు రాకపోవడంతో భారమంతా ఇద్దరి మీదే పడింది. ఈసారి కనీసం నలుగురు కావాలి. వచ్చే డిసెంబరు సెలవుల ఆటలకు పేర్లు రాసే కాగితం సభలో తలుపు దగ్గర బల్ల మీద పెడతాం. మహిళల ఆటల వరస పైన ఉంటుంది, పురుషుల ఆటలు దాని కింద. పడక ఇవ్వగల కుటుంబాలు ఎంతమందికి చోటు ఉందో పక్కనే రాయండి.

ఇట్లు,
కార్యదర్శి